ఎవరికీ తెలియని ‘ఖలేజా’

మహేశ్‌బాబు మూడేళ్ల విరామం తర్వాత తెరమీదికి వచ్చిన సినిమా. రాసింది, తీసింది త్రివిక్రమ్. 2010 అక్టోబరులో దానికోసం ఊరూరా టికెట్ల దగ్గర చొక్కాలు చిరిగాయి. ఇప్పుడు దాన్ని ‘ఎవరూ పట్టించుకోని ఆణిముత్యం’ అంటున్నారు. పట్టించుకోకపోవడమేమిటి? పట్టించుకున్నారు, డబ్బు పెట్టి చూశారు, బాగాలేదన్నారు. ఆ తర్వాత టీవీలో వచ్చిన ప్రతిసారీ ఓ ముక్క చూసి, అందులో మాటలన్నీ నోటికి పట్టేశారు. అంతమందికి కంఠతా వచ్చిన సినిమాను గొంతు తగ్గించి, అటూ ఇటూ చూసి, ‘నువ్వు చూశావో లేదో గానీ...’ అని మొదలుపెట్టే రసజ్ఞుడొకడు ఈమధ్య ప్రతి స్నేహబృందంలోనూ తయారయ్యాడు.

ఈయన దగ్గర రెండు మూడు మాటలే ఉంటాయి. ‘మనోళ్లకి ఎక్కలేదు గురూ’ అన్నది మొదటిది. ‘పదేళ్లు ముందు తీసేశాడు’ అన్నది రెండోది. ఇదే కొరియావాడు తీసుంటే నెత్తిన పెట్టుకునేవాళ్లమన్నది సందర్భాన్ని బట్టి వాడతాడు. ‘మనోళ్లు’ అన్నప్పుడు ఆ గుంపులో తను ఉండడు, చూశారా! ఇంటర్వెల్లోనే స్టాండులోంచి బండి తీసిన ఆ మనోళ్లలో ఈయన బండి కూడా ఉండే ఉంటుంది. పదేళ్ల తర్వాత సోఫాలో పడుకుని, పకోడీ తింటూ, పైసా ఖర్చు లేకుండా చూస్తే ఏ సినిమా అయినా కాస్త మెరుగ్గానే కనిపిస్తుంది. ‘ఖలేజా’ ఎడారిలో సునీల్ ఉన్న సన్నివేశాలకు నేనూ పడీపడీ నవ్వుతాను. కాదన్నదెవరు? ఆ నవ్వును కనిపెట్టింది తానేనన్న పేటెంటు దగ్గరే పేచీ.

అదే ఏడాది ‘ఆరెంజ్’ వచ్చింది. దాని నష్టాల గురించి నిర్మాత నాగబాబు స్వయంగా పలుమార్లు చెప్పుకున్నారు. అందులోని తత్వం జనానికి అందలేదని మన రసజ్ఞుడి తీర్పు. అందకపోవడానికి అక్కడున్నది ఉపనిషత్తా? ప్రేమ కలకాలం నిలవదని హీరో మొదటి రీలు నుంచి అదే పనిగా చెబుతుంటాడు, వినకపోతే మళ్లీ చెబుతాడు. అర్థమైంది కాబట్టే జనం గొడవపడ్డారు. హారిస్ జయరాజ్ పాటలు మాత్రం అప్పుడే ఫోన్లన్నింటిలో చేరిపోయాయి. 2023 మార్చిలో రామ్‌చరణ్ పుట్టినరోజుకు మళ్లీ విడుదల చేస్తే హాళ్లలో గంతులే గంతులు. ఇంత హడావుడి మధ్య నిర్లక్ష్యానికి గురైన సినిమా ఇదొక్కటేనని నమ్మడానికి కొంచెం సాధన కావాలి.

టీవీ సంగతి చెప్పనక్కర్లేదు. 2001 నుంచి ఆరేళ్లపాటు జెమినీలో వచ్చిన ‘అమృతం’ కూడా ఈయనకు ‘చాలామందికి తెలియని’ జాబితాలోదే. అమృతరావు, ఆంజనేయులు, అప్పాజీ పేర్లు తెలియని తెలుగింటిని ఒక్కదాన్ని చూపిస్తే ఆ ఇంటికి వెళ్లి నేనే దణ్ణం పెట్టి వస్తాను.

సరే, నిజంగా తెలియనివి అడుగుదాం. ‘దాసి’ చూశారా సార్? బి. నర్సింగరావు తీశారు. తెలంగాణ గడీలో కమలాక్షి అనే ఆడబాప బతుకు. అర్చనకు జాతీయ ఉత్తమ నటి అవార్డు వచ్చింది. అంతకు ముందు ఏడాది తమిళ ‘వీడు’కూ ఆమెకే వచ్చింది. కెమెరా, కళ, దుస్తులు కలుపుకుని ‘దాసి’కి మొత్తం ఐదు జాతీయ అవార్డులు. మన రసజ్ఞుడు ఆవులిస్తాడు. ‘కాస్త స్లో అట కదా?’ కొరియన్ సినిమాలో మనిషి నాలుగు నిమిషాలు నూడుల్స్ తింటే అది లోతు. కమలాక్షి గడీ వాకిలి ఊడిస్తే మాత్రం సాగదీత.

పోనీ, నీలకంఠ ‘షో’? 2002లో, రెండే రెండు పాత్రలతో, మంజుల, సూర్య నటించిన సినిమా. జాతీయ స్థాయిలో ఉత్తమ స్క్రీన్‌ప్లే అవార్డు తెచ్చింది. ‘మహేశ్ వాళ్లక్కయ్యే కదా’ అన్నంత వరకు తెలుసు. ఇంద్రగంటి మోహనకృష్ణ అంటే ‘అష్టా చమ్మా’ గుర్తొస్తుంది గానీ, చలం కథ ‘దోషగుణం’ ఆధారంగా ఆయన తీసిన మొదటి సినిమా ‘గ్రహణం’ పేరెత్తితే ‘ఏ ఓటీటీ?’ అన్న ప్రశ్న వస్తుంది. లింకు పంపితే చూస్తాడట. పంపినా చూడడు. ‘ఖలేజా’ వస్తోంది, అటు వెళ్తాడు.

జనానికి అర్థం కాదన్న నింద ఉంది చూశారూ, అది మరీ అన్యాయం. జె.వి. సోమయాజులు అనే రెవెన్యూ అధికారిని, తల నెరిసిన సంగీత విద్వాంసుడి పాత్రలో నిలబెడితే, ఫైటు లేదని, హీరో లేడని అడక్కుండా ‘శంకరాభరణం’కు హౌస్‌ఫుల్ బోర్డులు పెట్టించింది ఈ జనమే. వాళ్లకు ఏ రసజ్ఞుడూ చెవిలో ఊదలేదు. నచ్చింది, మర్నాడు అత్తగారినీ తీసుకెళ్లారు.

మరుగున పడ్డ సినిమాను వెలికితీయడానికి మనవాళ్లకు తెలిసిన మార్గం ఇప్పుడొక్కటే: హీరో పుట్టినరోజు. ఆ పూటకు పాత ఫ్లాపు దుమ్ము దులిపి, ఫోర్‌కేలో ఉతికి, పాలాభిషేకం చేస్తారు. ఈ లెక్కన మృణాల్‌సేన్ 1977లో తెలుగులో తీసిన ‘ఒక ఊరి కథ’కు మోక్షం కష్టమే. ప్రేమ్‌చంద్ ‘కఫన్’ కథ అది. అందులో ప్రధాన పాత్ర వాసుదేవరావు వేసిన ముసలి వెంకయ్య. చెమటోడ్చి పనిచేస్తే నిండేది దొర కడుపేనని తేల్చుకుని, ఒళ్లు వంచనని మొండికేసిన మనిషి. అలాంటివాడి పుట్టినరోజుకు ఫ్లెక్సీ కట్టమంటే, ఆయన అభిమానులన్నవాళ్లే ఉంటే, ఒక్కడూ నిచ్చెనెక్కడు.