భీముడికి 102

మా ఇంట్లో రోజూ బీపీ మాత్ర వేసుకోవాల్సిన మనిషిని నేను. వేసుకున్నానా లేదా అని అడిగే నాథుడు లేడు. అదే మా భీముడు ఒక్కపూట పళ్ళెం వాసన చూసి పక్కకి తప్పుకుంటే చాలు, ఇల్లంతా లేచి కూర్చుంటుంది.

భీముడంటే మా కుక్క. వీధి చివర తూము కింద దొరికితే మా అబ్బాయి ఎత్తుకొచ్చాడు. అప్పుడు పిడికెడున్నాడు, పేరైనా పుష్టిగా ఉండనీ అని అమ్మ అలా పిలిచింది. అబ్బాయి ఉద్యోగమని హైదరాబాదు వెళ్ళిపోయాడు, భీముడు మాకు మిగిలాడు. ఆ తర్వాత చిట్టెమ్మ అనే పిల్లి ఎవరూ పిలవకుండానే వచ్చి చేరింది. దాని సంగతి తర్వాత చెబుతాను, నా భుజం ఇంకా నొప్పిగానే ఉంది.

రోహిణి కార్తె. రాజమండ్రి ఎండ. భీముడు బాత్రూం గడప మీద బోర్లా పడుకుని గజం నాలుక వేలాడేసి రొప్పుతున్నాడు. అమ్మ వెళ్ళి చెవి పట్టుకు చూసి, "ఒరేయ్, ఒళ్ళు పేలిపోతోందిరా వీడికి!" అని కేక వేసింది. అబ్బాయికి ఫోన్ చేశాను.

"థర్మామీటరు పెట్టి చూడండి నాన్నా."

"నోట్లో పెడితే నమిలేస్తాడు కదరా."

"నోట్లో కాదు నాన్నా."

ఎక్కడో చెప్పాడు. విని కాసేపు ఫోను పట్టుకుని అలాగే నిలబడ్డాను. 30 ఏళ్ళు బ్యాంకులో క్యాష్ కౌంటర్లో కూర్చున్నవాణ్ణి, ఒకరి తోక ఎత్తి ఎరగను. మా ఆవిడ తల పట్టుకుంది. నేను కొబ్బరినూనె రాసి పని కానిచ్చాను. భీముడు వెనక్కి తిరిగి నా మొహంలోకి చూశాడు. అరిచినా బాగుండును.

102!

అమ్మ తడిగుడ్డ తెచ్చి వాడి నుదుటి మీద వేసింది. మిరియాల కషాయం పెడతానంది. తన మందుల డబ్బాలోంచి పారాసిటమాల్ తీసి, "చిన్నప్రాణం, సగం వేద్దాం" అంది. మా ఆవిడే అడ్డుపడింది, "డాక్టరు గారినడక్కుండా వద్దత్తయ్యా" అని. నలుగురం ఆటో ఎక్కాం, భీముడితో కలిపి.

పశువుల ఆసుపత్రిలో మా ముందు ఒక గేదె, వెనక ఒక మేకపోతు. గేదెని తోలుకొచ్చిన ఆసామి భీముణ్ణి ఎగాదిగా చూసి, వీడు పాలివ్వడు, కోతకీ రాడు, మరి వైద్యమెందుకన్నట్టు మొహం పెట్టాడు. లోపల్నించి పిలుపొచ్చింది, "భీముడి తాలూకు ఎవరండీ?" ముగ్గురం లేచాం.

డాక్టరు గారు అంతా విని, "102 కుక్కకి జ్వరం కాదండీ. 101 నుంచి 102న్నర దాకా వాటికి మామూలే" అన్నారు. మనలా వాటికి ఒళ్ళంతా చెమట పట్టదట. అరికాళ్ళలో కాస్త పడుతుందంతే, తక్కిన వేడంతా నాలుక మీదుగా పోవాల్సిందే. మంచినీళ్ళు, నీడ, చల్లటి నేల చూడమన్నారు. మిట్టమధ్యాహ్నం తారురోడ్డు మీద తిప్పొద్దన్నారు. బాత్రూం గడప దగ్గర చేరడంలో వాడికున్న తెలివి మాకు లేదన్నమాట.

అక్కడితో లేచి వచ్చేయాల్సింది. "ఏం పెడుతున్నారు?" అని ఆయన అడగడం, మా ఆవిడ ఉత్సాహంగా చెప్పడం, రెండూ జరిగిపోయాయి.

"మాతోపాటేనండీ. ఉల్లిపెసరట్టంటే ప్రాణం. మొన్న పుట్టినరోజుకి పాయసం కూడా... కిస్‌మిస్‌లన్నీ ఏరి వాడికే పెట్టాను."

డాక్టరు గారు కలం కింద పెట్టారు. ఉల్లీ వెల్లుల్లీ కుక్క ఒంట్లో ఎర్ర కణాల్ని విరిచేస్తాయట. ద్రాక్షా కిస్‌మిస్సూ కిడ్నీల మీద పడతాయట. చాక్లెట్ సరేసరి. వాడు బతికి ఎదురుగా తోక ఊపుతుంటే మా ఆవిడ నేరం ఒప్పుకున్న ముద్దాయిలా నిలబడింది.

అమ్మ కొంగు ముడిలోంచి పారాసిటమాల్ తీసి, "మరి ఇది?" అంది.

"ఇంట్లో పిల్లి ఉందా మామ్మగారూ?"

"ఉంది."

"దానికి ఈ ఒక్క మాత్ర చాలు, ప్రాణం పోతుంది. దాని కాలేయం దీన్ని అరాయించుకోలేదు. కుక్కక్కూడా మీ అంతట మీరు వేయకండి."

అమ్మ ఆ మాత్రని మళ్ళీ కొంగున ముడేసింది, ఈసారి రెండు ముళ్ళు.

జబ్బు లేదనుకుంటుండగా ఆయన భీముడి చెవి మడిచి చూపించారు. లోపల బూడిదరంగు శనగగింజల్లా పిడుదులు, కడుపునిండా తాగి కునుకు తీస్తున్నాయి. కిరసనాయిలు రాస్తే రాలిపోతాయంది అమ్మ. చర్మం కాలుతుంది, పైగా నాకేస్తాడు, వద్దన్నారాయన. పట్టకారుతో చర్మానికి ఆనించి పట్టుకుని తిన్నగా లాగాలట. వదిలేస్తే వాటి వల్ల వచ్చే జ్వరం రక్తాన్ని తోడేస్తుందట. మెడ మీద వేసే చుక్కల మందిచ్చి, "కుక్కల మందు పిల్లికి వేయకండి, కొన్ని వాటికి విషం" అన్నారు. ఇద్దరికీ విడివిడిగా నులిపురుగుల మాత్రలిచ్చారు, మూడు నెలలకోసారి వేయమని.

వస్తూ కొత్త థర్మామీటరు కొన్నాను. రెండూ కలిసిపోకుండా ఒకదానికి ఎర్రదారం కట్టమని మా ఆవిడతో చెప్పాను. కట్టింది.

భీముడు మాత్ర ఉన్న జున్నుముక్క తిని, జున్ను మింగి, మాత్రని నా కాళ్ళ దగ్గర పెట్టాడు, శుభ్రంగా. నాలుగోసారికి దిగింది. చిట్టెమ్మని తువ్వాల్లో చుట్టి ఒళ్ళో పెట్టుకున్నాను. తువ్వాలు తువ్వాల్లాగే ఉంది, పిల్లి లేదు, నా మోచేతి మీద మాత్రం మూడు గీతలు, ఒక పంటిగాటు. అమ్మ పసుపు తెస్తానంది. వద్దని కుళాయి కింద సబ్బు పెట్టి 15 నిమిషాలు కడుక్కున్నాను. చిట్టెమ్మకి టీకాలున్నాయా అంటే, పిలవని పేరంటానికి వచ్చిన మనిషిని పత్రాలడుగుతామా? రేబిస్ సూదులకి వెళ్ళక తప్పలేదు.

"బొడ్డు చుట్టూ పద్నాలుగేగా?" అంది అమ్మ, కళ్ళనీళ్ళతో.

"ఆ రోజులు పోయాయే. ఇప్పుడు భుజానికే, నాలుగైదుతో సరి."

ఆ రాత్రి ఒళ్ళు వెచ్చబడింది. సూది వల్లేనని తెలుసు. అయినా కాస్త సేవ జరుగుతుందేమోనని మూలిగాను. మా ఆవిడ నిద్రలోంచి లేచి, దీపం వెయ్యకుండానే థర్మామీటరు తెచ్చి నా నోట్లో పెట్టి మళ్ళీ పడుకుంది.

నిమిషం తర్వాత పెదవికి ఏదో మెత్తగా తగిలింది. దారం.

దారం కట్టింది కొత్తదానికా పాతదానికా అని నేనెప్పుడూ అడగలేదు. ఇప్పుడడుగుదామంటే నోట్లో థర్మామీటరుంది. మంచం పక్కన చీకట్లో భీముడు కూర్చుని నా మొహంలోకే చూస్తున్నాడు, తోక నేలకేసి కొడుతూ.