అభ్యంతరం గారు

రాజమండ్రిలో ఏ కాలనీకైనా వెళ్లండి. దానవాయిపేట కావచ్చు, ప్రకాశ్‌నగర్ కావచ్చు, మోరంపూడి అవతల నిన్నగాక మొన్న మొలిచిన ఫలానా ఎన్‌క్లేవ్ కావచ్చు. సాయంత్రం ఎండ చల్లబడ్డాక వీధి మొగలో ఒక పెద్దమనిషి కనపడతారు. చేతులు వెనక్కి కట్టుకుని, ఎవరో కట్టుకుంటున్న ఇంటి పిల్లర్లని కింద నుంచి పైకి, పై నుంచి కిందకి చూస్తుంటారు. తాపీమేస్త్రి ఆయన్ని చూడగానే ఇంటాయనకి ఫోను కొడతాడు. ఇంటాయన లుంగీ సర్దుకుంటూ పరిగెత్తుకొస్తాడు.

"ఆయ్, నమస్కారమండి! లోపలికి దయచేయండి, కాఫీ పుచ్చుకుందురు గాని."

"కాఫీకేముంది లెండి, ఎప్పుడైనా తాగొచ్చు. ఇటు సెట్‌బ్యాక్ ఎంత వదిలారు?"

ఆయనే కాలనీ సంక్షేమ సంఘం అధ్యక్షులవారు. కాలనీలో అందరూ ప్రెసిడెంటు గారంటారు. కార్పొరేషన్ టౌన్ ప్లానింగ్ సెక్షన్‌లో మాత్రం, ఆయన మెట్లెక్కుతుండగానే, "అభ్యంతరం గారొస్తున్నారు" అని ఒకరికొకరు చెప్పుకుని కుర్చీలు ఖాళీ చేస్తారు.

ఈయన పేపరుమిల్లులోనో, ఓఎన్‌జీసీలోనో, ఇరిగేషన్‌లోనో, కాకపోతే బ్యాంకులోనో ఓ పాతిక ముప్ఫై ఏళ్లు సంతకాలు పెట్టి వచ్చిన మనిషి. రిటైరైన మర్నాడు సంతకం పెట్టడానికి ఏమీ దొరక్క కరెంటు బిల్లు వెనక పెట్టి చూసుకున్నారు. వంటింట్లో పోపు డబ్బా ఎక్కడుండాలో చెప్పడం మొదలెట్టారు. రెండు నెలలు ఓర్చుకున్న భార్య, "మీరు కాసేపు అలా బయటికి వెళ్లి రాకూడదుటండీ" అంది. ఆ మాటతో ఒక సంఘం పుట్టింది. 2001 నాటి సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం సంఘానికి కనీసం ఏడుగురు కావాలి. ఏడుగురు దొరికారు. అధ్యక్షుడు, ఇద్దరు ఉపాధ్యక్షులు, కార్యదర్శి, సంయుక్త కార్యదర్శి, కోశాధికారి, గౌరవ సలహాదారు. పదవి లేని మామూలు సభ్యుడంటూ ఒక్కడూ మిగల్లేదు.

ఆయన చేతిలో ఎప్పుడూ ఒక రెక్సిన్ సంచి ఉంటుంది. అందులో లామినేషన్ చేయించిన రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్టు, బైలాస్, రౌండ్ సీలు, ఇంకు ప్యాడు, అన్నిటికన్నా కింద కాలనీ లేఅవుట్ బ్లూప్రింటు. మడతల దగ్గర చిరిగిపోతే సెల్లోటేపు వేసి అతికించారు. అది విప్పాలంటే డైనింగు టేబులు చాలదు. ఒక మూల ఎగిరిపోకుండా పెసరట్టు ప్లేటు, రెండో మూల మంచినీళ్ల చెంబు, మూడో మూల అల్లం పచ్చడి గిన్నె, నాలుగో మూలన ఆవిడ చెయ్యి పెట్టాలి. పార్కుకని వదిలిన చోట సరిగ్గా అల్లం పచ్చడి మరక పడింది. "మరకెక్కడుందో అదేనండి మన పార్కు" అని కొత్తగా వచ్చిన ప్రతి కార్యదర్శికీ ఆయన గుర్తు చెబుతారు.

ఇక ఆయన రాసే అర్జీలు. "గౌరవనీయులైన కమిషనరు గారి దివ్య సముఖమునకు" అని మొదలై, "ఇట్లు, తమ విధేయుడు" అనేసరికి నాలుగు పేజీలు. అసలు సంగతి నాలుగో పేజీ అడుగున రెండు లైన్లుంటుంది. దాని కింద ప్రతులు: కలెక్టరు గారికి, ఎమ్మెల్యే గారికి, ఎంపీ గారికి, మున్సిపల్ మంత్రి గారికి, ముఖ్యమంత్రి గారికి, ప్రధానమంత్రి గారికి. మన వీధి కాలవలో పూడిక తియ్యలేదన్న సంగతి ఢిల్లీకి తెలియకపోతే ఆయనకి నిద్ర పట్టదు. 2017లో గోదావరి పట్టణాభివృద్ధి సంస్థ, అంటే గుడా వచ్చింది, ఆ తర్వాత రాజమండ్రికి విడిగా రుడా వచ్చింది. కొత్త ఆఫీసు పుట్టినప్పుడల్లా ఆయన ప్రతుల జాబితా ఒక లైను పెరుగుతుంది. 2022 ఏప్రిల్ 4న రాజమండ్రి జిల్లా కేంద్రమైనందుకు ఆయన ఎంత సంబరపడ్డారో ఆవిడ అంత దిగులుపడింది. అంతకు ముందు కలెక్టరుకి అర్జీ ఇవ్వాలంటే సోమవారం పొద్దున్నే కాకినాడ బస్సెక్కాలి. వచ్చేటప్పుడు కాజాలు వచ్చేవి. ఇప్పుడు రసీదొక్కటే వస్తోంది.

నిజానికి ఆయనకి జవాబు అక్కర్లేదు. అక్నాలెడ్జిమెంటు కావాలి. ఆఫీసు ముద్ర, తేదీ, ఇన్‌వర్డు నంబరు, గుమాస్తా పొట్టి సంతకం. ఆ కాగితం చేతికొచ్చిన రాత్రి బీపీ మాత్ర వేసుకోవడం మర్చిపోతారు.

నవ్వుకోండి, తప్పులేదు. కానీ కిటుకంతా ఆ ముద్రలోనే ఉంది. మాస్టర్ ప్లాన్‌లో పసుపు రంగు వేసిన నివాస ప్రాంతాన్ని నీలం రంగు వ్యాపార ప్రాంతంగా మార్చాలన్నా, ఆకుపచ్చగా చూపించిన చోటు రంగు మార్చాలన్నా, ప్రభుత్వం ముందు ముసాయిదా ప్రకటన ఇచ్చి, అభ్యంతరాలుంటే ఇన్ని రోజుల్లోగా చెప్పండని అడగాలి. అడుగుతుంది కూడా. ఎక్కడా? పేపర్లో, సంతాప ప్రకటనలకీ కోచింగ్ సెంటర్లకీ మధ్య, చీమ తలకాయంత అక్షరాల్లో, సర్వే నంబర్లతో. మనం సినిమా పేజీ చూసి పేపరు మడిచేస్తాం. గడువు దాటిపోతుంది. "అభ్యంతరాలేవీ రానందున" అని ఉత్తర్వు వస్తుంది. అప్పుడు టీకొట్టు దగ్గర నిలబడి లోకం పాడైపోయిందంటాం. ఆ సర్వే నంబర్లు భూతద్దం పెట్టి చదివే ఓపిక కాలనీ మొత్తానికి ఒక్క మనిషికే ఉంది. సందేహం వస్తే పది రూపాయలు పెట్టి సమాచార హక్కు దరఖాస్తు పడేస్తారు. ఆఫీసు వాళ్లకి ఆయన మీద కోపం ఊరికే రాలేదు.

ఇంకో సంగతి. మన ఊళ్లో పాలకవర్గం గడువు 2019లో తీరిపోయింది. చుట్టుపక్కల పంచాయతీల విలీనం పేచీ తెగక, 2021లో రాష్ట్రంలో చాలా ఊళ్లకి మున్సిపల్ ఎన్నికలు జరిగినా మనకి జరగలేదు. ఒకప్పుడు ప్రకాశం పంతులు గారు ఛైర్మనుగా కూర్చున్న పురపాలక సంఘం ఇది. అలాంటి ఊళ్లో కార్పొరేటరంటే ఎవరో చూడకుండానే పిల్లలు హైస్కూలుకొచ్చారు. జనాభా మూడు లక్షలు దాటిన ఊళ్లకి వార్డు కమిటీలుండాలని రాజ్యాంగం 74వ సవరణ చెబుతుంది. 2011 లెక్కల్లోనే మనం మూడు లక్షల నలభై వేలు దాటాం. ఆ కమిటీ ఎక్కడుందో మీకు తెలిస్తే ప్రెసిడెంటు గారికి చెప్పండి, దానికో ప్రతి పంపిస్తారు. కార్పొరేటరు లేని ఖాళీలో ఈయన కుర్చీ వేసుకున్నారు. ఎవరూ ఎన్నుకోలేదు, నిజమే. ఎవరూ వద్దనలేదు కూడా.

కాలనీ పార్కు ఇవాళ పార్కులా ఉందంటే ఆయన చలవే. లేఅవుట్ వేసేవాడు పదో వంతు స్థలం ఖాళీగా వదిలి, దాన్ని పంచాయతీకో మున్సిపాలిటీకో గిఫ్ట్ డీడ్ రాసివ్వాలి. చాలాచోట్ల వదిలినట్టు కాగితం మీద చూపిస్తారు, ప్లాట్లన్నీ అయిపోయాక చివర్లో దాన్నీ అమ్మేస్తారు. అసలు వదలనే వదలని లేఅవుట్లలో, క్రమబద్ధీకరణ పేరుతో ప్లాటు విలువలో 14 శాతం ఓపెన్ స్పేస్ ఛార్జీ కట్టించుకున్నారు. పార్కు లేదు గాని రసీదుంది. ఈయన కాలనీలో మూల స్థలంలో ఒక రాత్రి ఇసక దిగింది, మర్నాడు రేకుల షెడ్డుకి గుంటలు పడ్డాయి. ప్రెసిడెంటు గారు సంచి పట్టుకుని వార్డు సచివాలయానికి బయల్దేరారు. 2019లో గాంధీ జయంతి నాడు మన కరపలోనే మొదలెట్టిన సచివాలయాల్లో వార్డుకో ప్లానింగ్ సెక్రటరీని పెట్టారు. ఈ వార్డుకి ఒక చిన్నమ్మాయి.

"అమ్మాయ్, మూల స్థలంలో షెడ్డు లేస్తోంది. చూశావా?"

"చూశానండి బాబాయ్ గారూ. నోటీసిచ్చామండి."

"నోటీసిచ్చాకే కదా రేకులు దిగాయి."

"రెండో నోటీసు కూడా ఇస్తామండి."

"అప్పటికి గృహప్రవేశం కూడా అయిపోద్ది తల్లీ. భోజనాలకి నిన్నూ పిలుస్తాడు, నన్నూ పిలుస్తాడు. పూతరేకులు కూడా వేయిస్తాడు."

అక్కడ బెంచీ మీద కూర్చుని ఆయన బెంగుళూరు కథ ఎత్తుకున్నారు. రాజమహల్ విలాస్ ఎక్స్‌టెన్షన్‌లో పార్కుకని ప్లానులో చూపించిన స్థలాన్ని అక్కడి డెవలప్‌మెంట్ అథారిటీ ఒక ప్రైవేటు మెడికల్ ట్రస్టుకి నర్సింగ్ హోం కట్టుకోమని ఇచ్చేసింది. కాలనీ వాళ్లు కోర్టుకెక్కారు. అడగడానికి మీరెవరని అవతలివాళ్ల వాదన. చుట్టుపక్కల కాపురముండేవాళ్లకి అడిగే హక్కుంది, పార్కు పార్కుగానే ఉండాలని 1991లో సుప్రీంకోర్టు తేల్చింది. "ముద్దప్ప కేసు తల్లీ, రాసుకో" అంటారు. ఈ కథని ఆయన సత్యనారాయణ వ్రతకథలా చెబుతారు. మధ్యలో ఎవరు లేచినా మళ్లీ మొదటి అధ్యాయం నుంచీ మొదలు. సాయంత్రానికల్లా షెడ్డు రేకులు దిగిపోయాయి. ముద్దప్ప కేసుకి భయపడో, మళ్లీ వింటామని భయపడో తెలియదు.

ఆయన వెళ్లబోతుంటే ఆ అమ్మాయి నెమ్మదిగా, "మీ ఇంటి మెట్లు కాలవ మీదకి వచ్చాయని ఎవరో కాగితం పెట్టారండి బాబాయ్ గారూ" అంది.

"మబ్బేసింది. వానొచ్చేలా ఉందమ్మాయ్" అని ఆయన గొడుగు తీసుకున్నారు.

మెట్ల సంగతి కాలనీకంతా తెలుసు. పైగా ఇంటి రెండో అంతస్తు 2015 బిల్డింగ్ పీనలైజేషన్ స్కీములో డబ్బు కట్టి నిలబెట్టుకున్నదే. ఆ రసీదు కూడా లామినేషన్ చేయించారు. ఎవరైనా గుచ్చి అడిగితే, "నేను తప్పు చేసి జరిమానా కట్టినవాణ్ణి. వాళ్లు కట్టనివాళ్లు" అంటారు. ఈ మాటకి జవాబు నాకు ఇంతవరకూ తట్టలేదు.

పార్కు దక్కాక అసలు యుద్ధం మొదలైంది. కార్యదర్శి వినాయకుడి గుడి కడదామన్నారు. కుర్రాళ్లు షటిల్ కోర్టన్నారు. ఆడవాళ్లు వాకింగ్ ట్రాకన్నారు. బహిరంగ స్థలాల్లో అనుమతి లేకుండా కొత్త గుళ్లూ మసీదులూ చర్చిలూ కట్టనివ్వొద్దని 2009లో సుప్రీంకోర్టు చెప్పిందని ప్రెసిడెంటు గారు గుర్తుచేస్తే, "మీకు దైవభక్తి లేదండి" అని కోశాధికారి చందా పుస్తకం బల్ల మీద పడేసి వెళ్లిపోయాడు. చివరికి ట్రాకు వేశారు, నాలుగు సిమెంటు బెంచీలు వేశారు. బెంచీలో కూర్చునే జాగా కన్నా దాతల పేర్లున్న పాలరాయి వెడల్పుగా ఉంది.

ఈ మనిషిలో నాకు నచ్చనిది కూడా చెప్పాలి. ఆయన దేశం కాలనీ గేటు దగ్గర మొదలై కాలనీ వెనక గోడ దగ్గర అయిపోతుంది. చెత్తకుండీ మన మొగలో వద్దని అర్జీ పెడతారు. కుండీ పక్క కాలనీ మొగలోకి వెళ్తుంది. పక్క కాలనీ ప్రెసిడెంటు ఈయనకి స్వయానా వియ్యంకుడు. ఆయనా అర్జీ పెడతారు. పెళ్లిచూపుల నాడు ఒక్క మాట అనుకోని వియ్యంకులు కుండీ విషయంలో మూడేళ్లుగా మాట్లాడుకోవడం లేదు. కుండీ మాత్రం రాత్రికి రాత్రి సరిహద్దు అటూ ఇటూ దాటుతోంది. సిమెంటు రోడ్డూ అంతే. పాత రోడ్డు తవ్వకుండా దాని మీదే కొత్తది పోయించుకుంటారు. రోడ్డు ఎత్తయింది, మన వీధిలో నీళ్లు నిలవవు, శాలువా కప్పారు. ఆ నీళ్లు ఎక్కడికి పోతాయి? పల్లానున్న వీధిలోకి, కంబాలచెరువు వైపుకి, తుమ్మలావ వైపుకి. గోదారి నిండుగా ఉన్నప్పుడు ఊళ్లో నీళ్లు నదిలోకి దిగవు. పల్లంలో ఉన్నవాడికి సంఘం ఉండదు, లెటర్‌హెడ్ ఉండదు, సోమవారం కూలి మానుకుని అర్జీ ఇచ్చే తీరిక అంతకన్నా ఉండదు. అర్జీలతో నడిచే ఊళ్లో రాయడం వచ్చినవాడి వీధే మెరకవుతుంది. భీమవరం దగ్గర తుందుర్రులో ఆక్వా ఫుడ్ పార్కు మా ఊళ్ల మధ్య వద్దన్నవాళ్లు కూడా కాగితాలే పెట్టారు మొదట. వాళ్లకి 144 సెక్షన్లూ కేసులూ జైళ్లూ ఎదురయ్యాయి. మన ప్రెసిడెంటు గారికి కాఫీ ఇస్తారు.

ఇప్పుడు 2027 పుష్కరాలొస్తున్నాయి. 2015లో ఎలా జరిగాయో ఆయన మర్చిపోలేదు. పన్నెండేళ్లకోసారే ఈ ఊరికి ప్లానింగు గుర్తొస్తుందని, అదీ ఆఖరి ఆర్నెల్లలోనని ఆయన అనుభవం. మాస్టర్ ప్లాన్ రోడ్డు వెడల్పంటూ ఎవరి ప్రహరీ మీద ఎర్రగీత పడుతుందో, పోయిన స్థలానికి బదులుగా ఇచ్చే టీడీఆర్ బాండ్లు ఎవరికిస్తారో, గీత గుడి దగ్గర వంకర తిరుగుతుందా లేక గుడి ఎదురింటి దగ్గర తిరుగుతుందా అని ఇప్పటి నుంచే టేపు పట్టుకుని కొలుస్తున్నారు. ఆయన మెట్లు కూడా ఆ కొలతలో ఉన్నాయి. అందుకే ఈసారి అర్జీ ఆరు పేజీలు.

మీ గేటుకి జనరల్ బాడీ మీటింగు చీటీ తగిలించి ఉంటే చింపి పారేయకండి. వెళ్లండి. చందా కట్టండి, లెక్కలు చూపించమని అడగండి, పల్లపు వీధి వాళ్లని కూడా వెంటబెట్టుకెళ్లండి, లేఅవుట్ జిరాక్సు ఒకటి తెచ్చుకుని ఇంట్లో పెట్టుకోండి. ప్రెసిడెంటు గారికి డెబ్బై దాటాయి. పిల్లలిద్దరూ అమెరికాలో ఉన్నారు, ఆ సంచి పట్టుకునేవాళ్లు ఇంకా తేలలేదు. మీటింగు ఆదివారం తొమ్మిదింటికి. ఉప్మా పెసరట్టు పదింటికల్లా అయిపోతుంది.