తమ్మీ, ట్రైపాడ్ దింపు!

ఇంజినీరింగ్ ఆఖరు సంవత్సరంలో ఉండి, ప్రాజెక్టు కోసం చౌరస్తాలో ట్రాఫిక్ వీడియో తీద్దామనుకుంటున్న తమ్మునికి ముందుగా ఒక హితవు: ఎవరడిగినా నిజం చెప్పకు. "బండ్లు లెక్కపెడుతున్నం సార్" అన్నావో, నీ పని ఖతం. మన దగ్గర రోడ్డు మీద కెమెరా పట్టడానికి మర్యాదైన కారణాలు బోలెడున్నాయి. పెండ్లి బరాత్ అను. జగిత్యాల టవర్ సర్కిల్ మీద డ్రోన్ ఎగరేసి, డాబాల మీద బట్టలారేసుకునే వాళ్లను కూడా పెండ్లి ఆల్బమ్‌లో కలిపేసినా అడ్డం వచ్చేవాడుండడు. రీల్ అను, పక్కకు జరిగి దారిస్తారు. నాయకుని జన్మదిన ర్యాలీ అను, బందోబస్తు కూడా ఇస్తారు. లోగో అంటించిన మైకు దొరికితే ఇంకేం, మార్చురీ గుమ్మం దాకా పోవచ్చు. లెక్క కోసం తీస్తున్నాననడం మాత్రం చాలా అనుమానించదగ్గ మాట.

ఊహించుకో. కోరుట్లలో 63వ నంబరు జాతీయ రహదారి పక్కన ట్రైపాడ్ నిలబెట్టావు. మొదట పక్క దుకాణాయన వస్తాడు. "ఏం బాబూ, కొలతలా? రోడ్డు వెడల్పు చేస్తున్నరా? మా షట్టర్ పోతదా?" ఆయన్ని సముదాయించేలోపు ఇంకొకాయన: "మా ఆడోళ్లు తిరిగే తొవ్వ ఇది." ఆ వెనకే జవాను. "పర్మిషన్ ఉన్నదా?" ఎవరి పర్మిషన్ అని అడగకు, అది ఆయనకూ తెలియదు. మున్సిపాలిటీ వాళ్లు ఠాణాకు పొమ్మంటారు, ఠాణాలో కాలేజీ లెటర్ తెమ్మంటారు, కాలేజీలో ముందు ఠాణా నుంచి కాగితం తెచ్చుకోమంటారు. "జనాల ప్రైవసీ అని ఒకటుంటది గదా" అని జవాను నీకు రాజ్యాంగం బోధిస్తాడు. బోధించేటప్పుడు ఆయన నిలబడ్డ స్తంభానికి పైన నాలుగు సీసీ కెమెరాలుంటాయి.

ఆ నాలుగూ ఎవరి అనుమతితో వచ్చాయని నువ్వు అడగరాదు. వందమంది చేరే ప్రతి చోటా కెమెరా పెట్టాలని, దృశ్యాలను 30 రోజులు దాచాలని ఉమ్మడి రాష్ట్రంలోనే 2013లో చట్టం చేశారు. దాచినవాటిని ఎవరు చూస్తున్నారో అడిగే హక్కు స్తంభం కింద నడిచే మనిషికి ఉందో లేదో పట్టించుకున్నవాడు లేడు. 2021 మే నెలలో, లాక్‌డౌన్ రోజుల్లో, హైదరాబాద్‌లో ఎస్.క్యూ. మసూద్ అనే సామాజిక కార్యకర్తను పోలీసులు ఆపి, మాస్కు తీయమన్నారు, ఫొటో తీసుకున్నారు. ఎందుకు తీశారు, ఏం చేశారని ఆయన హైకోర్టుకు పోయాడు. 2022 జనవరిలో కోర్టు ప్రభుత్వానికి నోటీసు ఇచ్చింది. అదే నువ్వు తీసి ఉంటే, తమ్మీ, నోటీసు దాకా పోయేది కాదు. నీ మెమొరీ కార్డు అక్కడికక్కడే పోయేది.

బండి నంబరు కనబడితే ప్రైవసీ పోతుందంటారు. నిజమే, పోవచ్చు. ఆ నంబర్ల కథ విను. 2019లో కేంద్ర రవాణా శాఖ 'బల్క్ డేటా' పాలసీ ఒకటి తెచ్చి, దేశంలోని బండ్ల రిజిస్ట్రేషన్ల, డ్రైవింగ్ లైసెన్సుల వివరాలను టోకున అమ్మకానికి పెట్టింది. ధరల పట్టిక కూడా ఉంది. కంపెనీలకు ఏడాదికి 3 కోట్లు, పరిశోధన చేసుకునే విద్యాసంస్థలకు 5 లక్షలు. విద్యార్థులంటే సర్కారుకు పట్టింపు లేదని ఎవరన్నారు? ఆ ఏడాది జులైలో పార్లమెంటుకు చెప్పిన లెక్క ప్రకారం 87 ప్రైవేటు కంపెనీలకు డేటా ఇచ్చారు, 65 కోట్లు వసూలు చేశారు. మీ నాన్న హీరోహోండా వివరాలు కూడా ఆ మూటలోనివే. ఆయన్ని ఎవరూ అడగలేదు, ఆయనకు రూపాయి రాలేదు. మరుసటి ఏడు పాలసీని వెనక్కు తీసుకున్నారు. అమ్మిన సరుకును వెనక్కు తీసుకునే పద్ధతి లోకంలో ఇంకా పుట్టలేదు.

డబ్బు పెట్టలేని వాళ్ల కోసం లీకులున్నాయి. 2024లో తెలంగాణ పోలీసుల 'హాక్ ఐ' యాప్‌లోంచి జనం వివరాలు బయటికి పొక్కాయి. కేసులో పట్టుబడినవాడి వయసు 20 ఏళ్లు. నీ ఈడువాడే, చూడు, ట్రైపాడ్ అక్కర లేకుండానే పని కానిచ్చాడన్నది అభియోగం.

ఇక సిరిసిల్ల. మగ్గాల ఊరు, దాచడాలు తెలియని ఊరు అనుకుంటాం. ఫోన్ ట్యాపింగ్ కేసులో హార్డ్ డిస్కులు ధ్వంసం చేశారన్న ఆరోపణ మీద 2024 మార్చిలో అరెస్టయిన డీఎస్పీ సస్పెండ్ అయ్యేదాకా ఉద్యోగం చేసింది ఈ సిరిసిల్లలోనే. కేసు సంగతి కోర్టు తేలుస్తుంది. నువ్వు నేర్చుకోవాల్సింది ఒక్కటే: వీడియో ఫైలును చెరిపేయడం ప్రైవసీ రక్షణ అవుతుందా, సాక్ష్యం మాయం చేయడం అవుతుందా అన్నది చెరిపినవాడి హోదాను బట్టి ఉంటుంది.

"ఇంత గోల దేనికి, ఇంటర్నెట్‌లో వీడియోలు దొరుకుతాయి గదా" అంటాడు మీ గైడ్. దొరుకుతాయి. అమీర్‌పేటలో ప్రాజెక్టే దొరుకుతుంది, రిపోర్టు బైండింగుతో సహా. అందులో విదేశీ హైవే మీద కార్లు గీత తప్పకుండా పోతుంటాయి. వాటి చుట్టూ పచ్చ డబ్బాలు గీసి చూపితే ఎక్స్‌టర్నల్ తలూపి మార్కులేస్తాడు. అదే సాఫ్ట్‌వేర్‌ను మన చౌరస్తాకు తెచ్చి చూడు. అది పాఠాలు నేర్చుకున్న, ప్రపంచమంతా వాడే 'కోకో' బొమ్మల సంపుటిలో 80 రకాలు ఉన్నాయి. జీబ్రా ఉంది, జిరాఫీ ఉంది. ఆటో లేదు, బర్రె లేదు. కోరుట్ల నడిరోడ్డు మీదికి జిరాఫీ వస్తే ఇట్టే పట్టేస్తుంది గాని, పదిమందిని ఎక్కించుకున్న ఆటోను చూసి కారా, ట్రక్కా అని తికమకపడుతుంది. ఈ లోటు తెలిసే హైదరాబాద్ ట్రిపుల్ ఐటీ వాళ్లు కారు ముందు కెమెరా కట్టి హైదరాబాద్, బెంగళూరు రోడ్లను చుట్టి 10,000 బొమ్మల 'ఇండియన్ డ్రైవింగ్ డేటాసెట్' తయారు చేశారు. అందులో ఆటోకు చోటు దొరికింది. వడ్ల ట్రాక్టరు, మామిడికాయల డీసీఎం, గుడ్డ తానులు మోసే ట్రాలీ ఆటో వరస కట్టే మన తొవ్వల్ని తీయాల్సింది మాత్రం నువ్వే.

లెక్క కూడా తమాషాగా ఉంటుంది. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 1990లో ఊరి బయటి రోడ్లకు వేసిన కొలమానంలో మోటారు సైకిలు అర కారు, ట్రాక్టరు ట్రాలీ నాలుగున్నర కార్లు, ఎడ్లబండి 8 కార్లు. అమ్మ, నాన్న, ఇద్దరు పిల్లలు, ముందర గ్యాస్ బండ, అంతా కలిపి అర కారు!

నవ్వు ఇక్కడ ఆపుదాం. జగిత్యాల జేఎన్‌టీయూ కాలేజీ ఉన్నది నాచుపల్లిలో, కొండగట్టు దగ్గర. ఆ కొండ ఘాట్ రోడ్డు మీదే 2018 సెప్టెంబరు 11న శనివారంపేట నుంచి జగిత్యాలకు పోతున్న ఆర్టీసీ బస్సు లోయలో పడి 60 మందికి పైగా చనిపోయారు. బస్సులో వందకు పైగా మనుషులున్నారని తర్వాత తేలింది. మన దగ్గర లెక్క ఎప్పుడూ తర్వాతే తేలుతుంది. ఏ రూట్లో, ఏ పొద్దున, ఎంతమంది వేలాడుతూ పోతున్నారో ముందే లెక్కపెట్టే పిలగాన్ని అనుమానితుడిగా చూసే ఊళ్లకు ఇంకే లెక్క దొరుకుతుంది?

అట్లని ఆ దుకాణాయన, ఆ రెండో ఆయన తెలివితక్కువవాళ్లు కారు. ఎవరి బండి వెనక ఎవరు కూర్చున్నారో ఒక్క వీడియో వాట్సాప్ గ్రూపులో పడితే ఇంట్లో ఏమవుతుందో చిన్న ఊరి మనిషికే తెలుసు. వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కని సుప్రీంకోర్టు తొమ్మిదిమంది జడ్జీల ధర్మాసనం 2017లో చెప్పింది. అది జవాను నోట వినబడినంత మాత్రాన అబద్ధం కాదు. బండ్లు లెక్కించడానికి మొహాలు అక్కర లేదు, నంబరు ప్లేట్లూ అక్కర లేదు. మేడ మీద నుంచి, మనిషి చీమంత కనబడేలా తీసినా లెక్క తప్పదు. తీసిందాన్ని యూట్యూబ్‌లో పెట్టి 'మా ఊరి ట్రాఫిక్' అని లైకులు ఏరుకుంటే మాత్రం, తమ్మీ, నీకూ బరాత్ డ్రోన్‌కూ తేడా లేదు.

2023 నాటి డేటా రక్షణ చట్టం నీలాంటి వాడి కోసం సందు వదిలింది. పరిశోధనకు, గణాంకాలకు వాడుకోవచ్చు, ఏ ఒక్క మనిషి మీదా దాన్నిబట్టి నిర్ణయం తీసుకోకూడదు, నిర్దేశించిన ప్రమాణాలు పాటించాలి. సర్కారు కోసమైతే సందు కాదు, దర్వాజా పెట్టింది. తాను కోరుకున్న సంస్థకు మొత్తంగా మినహాయింపు ప్రకటించుకోవచ్చు. 250 కోట్ల దాకా జరిమానా అని రాసింది కూడా ఆ చట్టమే. నిబంధనలు 2025 నవంబరులో వచ్చాయి, అసలు బాధ్యతలు మొదలయ్యేది 2027లో.

ప్రిన్సిపాల్ సార్లూ, అందాకా ఆగకండి. లెటర్‌హెడ్ మీద నాలుగు ముక్కలు రాసివ్వండి: ఎక్కడ తీస్తారు, ఎన్ని గంటలు తీస్తారు, ఏ తేదీన చెరిపేస్తారు, అడగాలంటే ఎవరిని అడగాలి. ఒక కాపీ ఠాణాలో ఇవ్వండి, ఒకటి దుకాణాయనకు చూపించండి. ఎస్సైగారూ, ఆ కాగితం చదివి పిల్లల్ని వదిలేయండి. చదివాక, అవే నాలుగు ముక్కలు మీ స్తంభానికి కూడా అంటించండి.