తోడల్లుని రౌటరు

కోరాపుట్టులో నున్న మా తోడల్లుడు తన రౌటరు పొరుగువారి పెరటిదాకఁ బలుకుచున్నదని చెప్పిననాటనుండి, రాయగడలో ముందుగది దాటి వంటింటికైనను జేరలేని నా రౌటరునకు మా యింట గౌరవము సన్నగిల్లినది, దానితోపాటు నాకును. "కొమ్ములెన్ని అన్నయ్యగారూ?" అని యతఁడు ఫోనులో నడిగెను. "రెండు" అంటిని. "మాది ఆరు" అనెను.

ఆ సాయంకాలమే ఆరు కొమ్ములది తెచ్చితిని. వంటింట మాత్రము మార్పు లేదు. "దీనికంటె మన ఆవే నయమండీ, రెండు కొమ్ములైనా పిలిస్తే వంటింటి గుమ్మందాకా వస్తుంది" అని మా యావిడ తీర్పు చెప్పినది.

అప్పుడు గదా శాస్త్రము విచారించితిని! 2.4 గిగాహెర్ట్జుల పట్టీలో, ఆంటెన్నా బలిమిఁ గూడఁ గలిపి, 4 వాట్లకు మించి ప్రసరింపరాదని కేంద్రప్రభుత్వము 2005లోనే కట్టడి చేసినది గాన, ఎంత వెలపెట్టినను శక్తి కొక హద్దున్నది. కొమ్ము క్రొత్తగా శక్తిఁ బుట్టింపదు. ఊతప్పమునకుఁ జాలిన పిండినే పలుచని యట్టుగా నెరపినట్లు, పైకిని గ్రిందికిని దగ్గించి ప్రక్కలకు సాగఁదీయును. పైగా రౌటరు కేక ఫోనునకు వినఁబడిన నేమి, ఫోను గొణుగుడు రౌటరునకు వినఁబడవలదా? ఆ చెవి యొక్కొక్క పెట్టె కొక్కొక్క తీరు.

అసలు దోషి మా గోడ. విశాఖపట్టణము జిల్లాలోని యీ ప్రాంతము 1936లో ఒరిస్సాఁ జేరిన కాలమున మా తాతగారు పెట్టించిన రెండడుగుల మట్టిగోడ యది. రాష్ట్రము కదలినది గాని యది కదలలేదు. వానకాలమునఁ జెమ్మ పీల్చుకొని తరంగములనుఁ గూడఁ బీల్చివేయును. దాని కానించి మా యావిడ పుట్టింటివారిచ్చిన ఇనుప బీరువా యున్నది. దాని విషయము నేను మాటాడను. వేగము గల 5 గిగాహెర్ట్జుల తరంగమా, క్రొత్తపెండ్లికొడుకువలె గడప దాటుటకే యలుగును. తోడల్లునివి క్వార్టర్సు, సన్నని యిటుకగోడలు. ఘనత యంతయు గోడలదే.

పోనీ నడిమిగదిలోఁ బెట్టుదమన్న నది దేవుని గది; మా యమ్మ యొప్పుకొనలేదు. ఇప్పుడు రౌటరు వంటింటి దూలమునకు వ్రేలాడుచున్నది. ముందుగదిలో సిగ్నలు లేదు. ఈ వ్యాసమును బంపుటకు బియ్యపుడబ్బా ప్రక్కఁ బీట వేసికొని కూర్చున్నాను.