అట్టముక్కకు పదికి పది

1960లో అమెరికాలోని టాప్స్ కంపెనీకి గోదాము ఇరుకైంది. ఎనిమిదేళ్ళుగా కదలని సరుకు అందులో పేరుకుపోయింది. అవి 1952లో అచ్చేసిన బేస్‌బాల్ కార్డులు. జాతరల్లో సెంటుకొకటి చొప్పున అమ్మజూశారు, తర్వాత సెంటుకు పది ఇస్తామన్నారు, ఆ ధరకైనా వద్దుపొమ్మన్నారు జనం. చివరికి ఆ కార్డుల రూపకర్త సై బెర్గరే దగ్గరుండి వాటిని చెత్త లారీలకెత్తించి, బల్లకట్టు మీద న్యూజెర్సీ తీరం దాటించి, అట్లాంటిక్ సముద్రంలో కలిపేశాడు. అలా నీళ్ళపాలైన వరసలోదే 311వ నంబరు కార్డు. దాని మీది బొమ్మ మికీ మాంటిల్ అనే ఆటగాడిది. మునగకుండా మిగిలిన వాటిలో ఒకటి 2022 ఆగస్టులో హెరిటేజ్ సంస్థ వేలంలో 1 కోటి 26 లక్షల డాలర్లు పలికింది. అప్పటి మారకంలో మన డబ్బు దాదాపు వంద కోట్లు. ఆ వార్త చదివిన లోకం నేర్చుకున్న పాఠం ఒక్కటే: కార్డులు కొని దాచుకోవాలి. ఆ వంద కోట్లు వచ్చిందేమో ఎవరూ కొనకపోవడం వల్ల, ఎవరూ దాచుకోకపోవడం వల్ల. ఈ తిరకాసే ఆ వ్యాపారాన్ని నడిపిస్తోంది, అప్పుడప్పుడూ ముంచుతోంది కూడా.

పాత కార్డుల చరిత్రంతా నిర్లక్ష్యం చరిత్రే. 1909 నుంచి 1911 దాకా అమెరికన్ టొబాకో కంపెనీ తన సిగరెట్ పెట్టెల్లో ఆటగాళ్ళ బొమ్మలున్న అట్టముక్కలు పెట్టింది. పిట్స్‌బర్గ్ ఆటగాడు హోనస్ వాగ్నర్ మాత్రం తన బొమ్మ వేయొద్దన్నాడు. పిల్లలు పొగాకు కొంటారేమోనని వద్దన్నాడని కొందరు, తనకు డబ్బివ్వలేదని వద్దన్నాడని ఇంకొందరు నేటికీ వాదించుకుంటూనే ఉన్నారు. ఏదైతేనేం, అచ్చు ఆగింది. ఇప్పుడు లెక్కకు తేలుతున్నవి అరవైకి లోపే. 2022లో ఒకటి 72 లక్షల 50 వేల డాలర్లకు చేతులు మారింది. తర్వాతి తరాల పిల్లలు తమ కార్డులను సైకిలు చక్రాల పుల్లలకు క్లిప్పులతో బిగించి టపటపలాడించారు, గోడకేసి విసిరి పందేలు కాశారు, రబ్బరు బ్యాండ్లు చుట్టి అంచులు కోసేశారు. వాళ్ళు పెద్దవాళ్ళై ఇల్లు విడిచి వెళ్ళగానే తల్లులు గదులు సర్ది, మిగిలినవాటిని చెత్తకుండీ పాలు చేశారు. ఆర్థిక పండితులెవరూ ఒప్పుకోలేదు గానీ, కార్డుల మార్కెట్‌కు ఆద్యులు ఆ తల్లులే. సరఫరాను వాళ్ళంత నిక్కచ్చిగా అదుపు చేసిన కేంద్ర బ్యాంకు ప్రపంచంలో లేదు.

1980లు వచ్చేసరికి పాత కార్డులు డబ్బవుతాయన్న సంగతి ఇంటింటికీ తెలిసిపోయింది. తల్లులు పారేయడం మానేశారు, తండ్రులు కొనడం మొదలెట్టారు. 1980లో ఒక కోర్టు తీర్పు టాప్స్ గుత్తాధిపత్యానికి గండి కొట్టడంతో మరుసటి ఏడు ఫ్లీర్, డాన్‌రస్ కంపెనీలు దిగాయి. 1988లో స్కోర్, 1989లో అప్పర్ డెక్ వచ్చాయి. పిల్లల కాలేజీ చదువులకు అక్కరకొస్తాయని పెట్టెలకు పెట్టెలు సీలు విప్పకుండా కొని గ్యారేజీల్లో పేర్చారు. కంపెనీలూ ఆ భక్తిని గౌరవించి, ఎంత అడిగితే అంత అచ్చేశాయి. ఎవరూ పారేయలేదు, ఎవరూ నలపలేదు, అందరూ జాగ్రత్తపడ్డారు. అంతమంది జాగ్రత్తపడ్డ వస్తువుకు ధర ఎక్కణ్ణుంచి వస్తుంది? 1989 నాటి కెన్ గ్రిఫీ జూనియర్ తొలి కార్డు ఆ కాలానికంతటికీ మకుటం లాంటిది. పరీక్షకు వెళ్ళి పదికి పది మార్కులు తెచ్చుకున్నవే నాలుగు వేలకు పైగా ఉన్నాయి. 1994లో ఆటగాళ్ళ సమ్మెతో బేస్‌బాల్ మీదే జనానికి విసుగు పుట్టి, మిగిలిన గాలి కూడా పోయింది. ఆ కాలాన్ని కార్డుల లోకం ఇప్పటికీ ‘జంక్ వ్యాక్స్’ రోజులని తిట్టుకుంటుంది. ఆ తండ్రుల పెట్టెలు నేటికీ భద్రంగానే ఉన్నాయి. భద్రతకు లోటు లేదు, బేరానికే.

మరి ఈ మార్కులేమిటి? జనం నిర్లక్ష్యం చేయడం మానేశాక అరుదుతనాన్ని ఎవరో ఒకరు తయారు చేయాలి గదా. 1991లో పీఎస్ఏ అనే సంస్థ ఆ పనికి పూనుకుంది. కార్డు పంపితే మూలలు పదునుగా ఉన్నాయా, అంచులు చెదిరాయా, బొమ్మ నడిమధ్యలో పడిందా అని చూసి, ఒకటి నుంచి పది దాకా మార్కులు వేసి, గట్టి ప్లాస్టిక్ డబ్బాలో బిగించి తిరిగి పంపుతుంది. ఆ డబ్బాను స్లాబ్ అంటారు. దీనివల్ల ఒక అద్భుతం జరిగింది. లక్షల్లో ఉన్న కార్డు ‘పది వచ్చిన కార్డు’ అనగానే వేలల్లోకో వందల్లోకో దిగివస్తుంది. ఒక్క ప్రతినీ తగలబెట్టకుండా సరఫరాను తగ్గించిన ఘనత ఇది. 1986లో ఫ్లీర్ అచ్చేసిన బాస్కెట్‌బాల్ ఆటగాడు మైకేల్ జోర్డాన్ కార్డుకు పది మార్కులుంటే ఒక ధర, తొమ్మిదుంటే అందులో పదో వంతుకు అటూ ఇటూ. ఆ రెంటికీ తేడా మామూలు కంటికి కనిపించదు. కంటికి కనిపించని ఆ ఒక్క మార్కుకు లక్షల డాలర్లు ఇచ్చేవాడు నిజానికి కొంటున్నది జోర్డాన్ బొమ్మనా, డబ్బా మీది అంకెనా?

ఇక్కడ ఒక న్యాయమైన అభ్యంతరం ఉంది. నకిలీలు, అంచులు కత్తిరించి కొత్తగా కనిపించేలా చేసినవి బజారులో తిరుగుతుంటే, ఎవరో ఒక మూడో మనిషి పరీక్షించి చెప్పాలి గదా అంటారు. చెప్పాలి. అయితే ఆ మూడో మనిషి మొట్టమొదట పరీక్షించిన కార్డేమిటో చూడండి. హాకీ వీరుడు వేన్ గ్రెట్జ్‌కీ, మరో భాగస్వామీ కలిసి 1991లో సోత్‌బీస్ వేలంలో 4 లక్షల 51 వేల డాలర్లకు కొన్న వాగ్నర్ కార్డు అది. పీఎస్ఏ దానికి ఎనిమిది మార్కులు వేసింది. కత్తిరించిన కార్డుకు మార్కులే ఉండవన్నది వాళ్ళ నియమం. ఇరవై రెండేళ్ళ తర్వాత, వేలంపాటల్లో దొంగపాటలు పాడించిన కేసులో నేరం ఒప్పుకుంటూ బిల్ మాస్ట్రో అనే వేలందారు, ఆ కార్డు అంచులు తానే కత్తిరించానని కూడా చెప్పాడు. ఈలోగా 2007లో ఆ కార్డు 28 లక్షల డాలర్లకు అమ్ముడైంది. పరీక్ష ఫీజు సంగతి ఇంకా రమ్యంగా ఉంటుంది. కార్డు విలువ పెరిగిన కొద్దీ ఫీజు పెరుగుతుంది. విలువను మార్కు తేలుస్తుంది. మార్కు వేసేది ఫీజు తీసుకునేవారే. పైగా పీఎస్ఏ మాతృసంస్థ 2021లో గోల్డిన్ అనే వేలం సంస్థను కొని 2024 దాకా అట్టిపెట్టుకుంది. మార్కులు వేసే చెయ్యి, పాట పాడించే గొంతు మూడేళ్ళు ఒకే ఒంటికి అమరాయి. వాళ్ళు తప్పు చేశారని ఎవరూ అనడం లేదు. తప్పు చేయాల్సిన అవసరం లేకుండానే ఏర్పాటు ఎంత చక్కగా కుదిరిందో చెప్పడమే ఉద్దేశం.

అంకెతోనూ సరిపోకపోతే, అచ్చాపీసే అరుదుతనాన్ని అచ్చేస్తుంది. గణితవేత్త రిచర్డ్ గార్‌ఫీల్డ్ రూపొందించిన ‘మ్యాజిక్: ది గ్యాదరింగ్’ అనే కార్డుల ఆట 1993లో వచ్చింది. పాత కార్డులు దొరకడం లేదని ఆడేవాళ్ళు మొత్తుకుంటే 1995లో కంపెనీ కొన్నిటిని మళ్ళీ ముద్రించింది. ధరలు పడ్డాయి, దాచుకున్నవాళ్ళు మండిపడ్డారు. 1996లో కంపెనీ ఒక జాబితా ప్రకటించి, ఇందులోని కార్డులను ఇక ముద్రించబోమని మాటిచ్చింది. బ్లాక్ లోటస్ అనే కార్డు లక్షల డాలర్లు పలకడానికి ఈ మాటే పునాది. 2022లో ఆటకు ముప్పై ఏళ్ళ పండగంటూ అదే కంపెనీ బ్లాక్ లోటస్‌తో సహా ఆ పాత కార్డులను కొత్తగా అచ్చేసి, పదిహేనేసి కార్డులున్న నాలుగు ప్యాకెట్లను 999 డాలర్లకు అమ్మకానికి పెట్టింది. మాట తప్పినట్టా? ఎంతమాత్రం కాదు. వెనకవైపు అచ్చు మార్చారు, పోటీల్లో ఆడటానికి పనికిరావన్నారు. అంటే ఆటకు అక్కరకు రాని ఆటకార్డులు. ఆ నవంబరులోనే బ్యాంక్ ఆఫ్ అమెరికా విశ్లేషకులు మాతృసంస్థ హాస్‌బ్రో మరీ ఎక్కువగా అచ్చేస్తోందని చెప్పి దాని షేరు రేటింగును ఒకేసారి రెండు మెట్లు దించారు. మరుసటి ఏడాది కంపెనీ ‘లార్డ్ ఆఫ్ ది రింగ్స్’ వరసలో ఉంగరం బొమ్మతో ఒకే ఒక్క కార్డు అచ్చేసి ఏదో ఒక ప్యాకెట్లో దాచింది. కెనడాలో దొరికిన ఆ కార్డును గాయకుడు పోస్ట్ మలోన్ దాదాపు 20 లక్షల డాలర్లకు కొన్నట్టు వార్తలొచ్చాయి. లోకంలో జోడీ లేని ఆ కార్డును కూడా పరీక్షకు పంపారు. పదికి తొమ్మిదే వచ్చాయి!

పోకెమాన్ వాళ్ళకు ఇంత తెలివి ఖర్చు పెట్టాల్సిన పని లేదు. 2023 మార్చి నుంచి 2024 మార్చి దాకా ఒక్క ఏడాదిలో వాళ్ళు అచ్చేసిన కార్డులు దాదాపు 1,190 కోట్లు. భూమ్మీద మనుషులు 800 కోట్లు. పుట్టిన పసిగుడ్డుతో సహా తలకు ఒకటిన్నర పంచవచ్చు. డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్న తెలుగువారి ఇంట్లో పిల్లలు ప్యాకెట్ చింపుతుంటే, దాచిపెట్టరా, పెద్దయ్యాక పనికొస్తుందని అనే తల్లిదండ్రులు ఈ అంకెను ఒకసారి తలుచుకోవాలి.

బంగారం ధర మాత్రం నమ్మకం కాదా, కాగితం నోటు మాత్రం అచ్చు కాదా అని గట్టిగా అడిగేవాళ్ళున్నారు. మంచి ప్రశ్నే. కాగితం నోటును ప్రభుత్వం పన్ను కింద తీసుకుంటుంది. షేరు వెనక, మంచిదో చెడ్డదో, ఒక వ్యాపారం ఉంటుంది. బంగారాన్ని రేపు పొద్దున యంత్రం తిప్పి రెట్టింపు చేయగలవాడు లేడు, ధర పడితే కనీసం చెవికి పెట్టుకోవచ్చు. కార్డు డివిడెండ్ ఇవ్వదు, అద్దె తేదు, మరో కార్డును కనదు. దాన్ని అమ్మినవాడి ఇంట్లోనే అచ్చుయంత్రం ఉంది. ఇక మిగిలేది ఒక్కటే: మన తర్వాత ఇంకొకడు ఇంకా ఎక్కువ ఇస్తాడన్న ఆశ. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఈము పక్షులు పెంచిన రైతులకు ఇది వివరించనక్కర్లేదు. పక్షి మాంసం కొనేవాడు ఎక్కడా కనిపించలేదు, పిల్లల జతను కొనే తర్వాతి రైతు ఉన్నంతకాలం అందరూ లాభాల్లోనే ఉన్నారు. 2012 నాటికి తర్వాతి రైతు రావడం మానేశాడు. కార్డుకు ఒక్క సౌకర్యం ఎక్కువ: దానికి మేత వేయక్కర్లేదు.

లెక్కలు చూడకుండా వెక్కిరిస్తున్నారని అనిపించుకోవడం ఎందుకు, ఆ లెక్కా చూద్దాం. వంద కోట్ల మాంటిల్ కార్డును దాని పాత యజమాని 1991లో 50 వేల డాలర్లకు కొన్నాడు. ముప్పై ఒక్క ఏళ్ళలో 252 రెట్లు, ఏటా దాదాపు 20 శాతం చక్రవడ్డీ. అమెరికా స్టాక్ మార్కెట్ అంత ఇవ్వలేదు, ఒప్పుకోవలసిందే. కాకపోతే అది సముద్రంలో మునిగిన సరుకులో మిగిలిన అత్యుత్తమ ప్రతి. అదే 1991లో అదే 50 వేలు పెట్టి ఆ ఏటి కొత్త కార్డులు కొన్నవాళ్ళ గురించి ఎవరూ వార్త రాయరు. కరోనా కాలంలో వచ్చినవాళ్ళ కథ ఇంకా దగ్గరిది. 2021 జనవరి చివర్లో పది మార్కుల జోర్డాన్ కార్డు 7 లక్షల 38 వేల డాలర్లు పలికింది. 2022లో అదే మార్కులున్న అదే కార్డు 2 లక్షల కిందికి వచ్చింది. కార్డు మూలలు అంతే పదునుగా ఉన్నాయి, జోర్డాన్ అంతే ఎత్తుకు ఎగిరి ఉన్నాడు, డబ్బా మీద పది అలాగే ఉంది. కొంటానన్న తర్వాతివాడే తగ్గాడు. 2025 ఆగస్టులో జోర్డాన్, మరో బాస్కెట్‌బాల్ ఆటగాడు కోబీ బ్రయంట్ ఇద్దరి సంతకాలతో ఒకే ఒక్క ప్రతిగా వచ్చిన కార్డు 1 కోటి 29 లక్షల డాలర్లకు పోయింది కదా అంటారు. పోయింది. శిఖరం మీది ఆ ఒక్క కార్డును చూపించి, లోయలో ఉన్న కోట్ల కార్డులను అమ్మడమే ఈ వ్యాపారం.

ఆఖరి అభ్యంతరం అన్నిటికన్నా బలమైనది: ఇది సరదా, డబ్బు లెక్కలతో సరదాను కొలవకండి. నూటికి నూరుపాళ్ళు నిజం. సరదాకు కొన్నవాడితో ఈ కాలమ్‌కు ఏ పేచీ లేదు. సరదాను చంపుతున్నదెవరో చూస్తే మాత్రం పెట్టుబడిదారే దొరుకుతాడు. 2021 మే నెలలో విస్కాన్సిన్‌లోని ఒక టార్గెట్ దుకాణం బయట కార్డుల కోసం కొట్లాట జరిగి, దెబ్బలు తిన్నవాడు తుపాకీ తీశాడు. టార్గెట్ సంస్థ కొన్నాళ్ళు దుకాణాల్లో కార్డులు అమ్మడమే ఆపేసింది. నాలుగు డాలర్ల ప్యాకెట్ కోసం వచ్చిన పిల్లవాడు ఉత్తచేతులతో ఇంటికెళ్ళాడు. కొన్న పెద్దమనిషేమో ఆడడు, ముట్టడు, వెలుతురు తగలనివ్వడు.

మన దేశంలో ఇదే దుకాణం అట్ట కూడా లేకుండా తెరిచారు. రారియో అనే సంస్థ క్రికెటర్ల డిజిటల్ కార్డులు అమ్ముతూ 2022లో 12 కోట్ల డాలర్ల పెట్టుబడి తెచ్చుకుంది. మరో సంస్థ అనుమతి లేకుండా ఆటగాళ్ళ పేర్లతో, గీసిన బొమ్మలతో కార్డులు అమ్ముతోందని ఢిల్లీ హైకోర్టుకు వెళ్ళింది. ఆటగాళ్ళ పేర్లు, ఆట గణాంకాలు అందరికీ అందుబాటులో ఉన్న సమాచారమేనని, వాటి మీద ఒకరికే గుత్త హక్కు ఉండదని 2023 ఏప్రిల్‌లో కోర్టు మధ్యంతర ఉత్తర్వుకు నిరాకరించింది. అరుదుతనాన్ని నమ్మి కొన్నవాడికి అది ఎవరి చేతిలోనూ లేదని అంతకన్నా స్పష్టంగా ఎవరు చెబుతారు? ప్రముఖుల పేర్లు వ్యంగ్యానికి వాడుకోవచ్చని కూడా ఆ తీర్పులోనే ఉంది గనక, ధైర్యంగా ఇంకో పేరు.

2021 చివర్లో యూట్యూబ్ ప్రముఖుడు లోగన్ పాల్ 35 లక్షల డాలర్లు పోసి, తొలి ముద్రణ పోకెమాన్ కార్డులున్నాయన్న ఒక సీలు పెట్టె కొన్నాడు. అసలైనదేనని నిపుణులు అంతకుముందే ధ్రువీకరించారు. అనుమానాలు గుప్పుమనడంతో 2022 జనవరిలో షికాగోలో కెమెరాల ముందు తెరిచి చూశారు. లోపల జీఐ జో అనే సైనికుల బొమ్మల కార్డులున్నాయి. సొమ్ము తిరిగి రాబట్టుకున్నానని ఆయన తర్వాత చెప్పుకున్నాడు. అమాయకుడు, మోసపోయాడు అని లోకం జాలిపడింది గానీ, ఈ వ్యాపార ధర్మం ప్రకారం ఆయన చేసిన తప్పు కొనడం కాదు, తెరవడం. సీలు పెట్టె ఉన్నదే తెరవకుండా అమ్మడానికి. మూతపడి ఉన్నంతకాలం ఆ సైనికులు 35 లక్షల డాలర్ల పోకెమాన్లుగానే బతికారు. మూత అలాగే ఉంటే ఇంకొకరి దగ్గర అరకోటి డాలర్లకు చేరేవారేమో. ఇప్పుడు విడిగా అమ్మితే చిల్లర డబ్బులు రావాలి. అయినా నిరుత్సాహపడాల్సిన పని లేదు. ఇన్నేళ్ళు చీకట్లో, ఎవరి చెయ్యీ తగలకుండా పడి ఉన్న సరుకు. మూలలు మహా పదునుగా ఉండి ఉంటాయి.