ఈశాన్యంలో బోరు, అడుగున బూడిద

‘సముద్రమా? బందరెక్కడ, బెజవాడెక్కడ!’ బెజవాడ గుణదలలో సముద్రమట్టం సంగతి ఎత్తితే ముందు వినపడే మాట ఇదే. తిరుగులేని మాటే. మధ్యలో డెబ్బై కిలోమీటర్ల దూరం ఉందాయె. కెరటం బందరులో బస్సెక్కి బెంజి సర్కిల్లో దిగదు కదా!

ఆ ధీమాతోనే బుడమేరు వాగు పొడవునా మెరక యజ్ఞం సాగుతోంది. విధానం సులువు. పల్లపు చేను చూసుకోవాలి. కూల్చిన ఇళ్ల రద్దు తోలించాలి, వీలుంటే థర్మల్ బూడిద కూడా. పైన జానెడు ఎర్ర గ్రావెల్ పరిచి, రాళ్లు పాతి రంగెయ్యాలి. నిన్నటి ముంపు భూమి ఇవాళ ‘ప్రైమ్ లొకేషన్’.

బూడిదకు కరువేం లేదు. ఇబ్రహీంపట్నం థర్మల్ కేంద్రం 1979 నుంచి బొగ్గు కాలుస్తూనే ఉంది. దాంతో పల్లాలు పూడ్చడం కూడా సద్వినియోగమేనని కేంద్ర ప్రభుత్వం 2021 డిసెంబరు 31 నాటి నోటిఫికేషన్‌లో రాసింది. కాలుష్య నియంత్రణ మండలి ముందస్తు అనుమతి కావాలనీ అందులోనే ఉంది. మనవాళ్లకు మొదటి ముక్క కంఠతా వచ్చు. రెండోది చదివేలోపే టిప్పర్ తిరగబడి ఉంటుంది.

కొనేవాళ్లు మాత్రం అమాయకులా? వీధిపోటు ఉందా, ఈశాన్యం పెరిగిందా, బోరు ఏ మూల వెయ్యాలి అని సిద్ధాంతి గారి చేత టేపు పెట్టి మరీ కొలిపిస్తారు. గ్రావెల్ కింద ఏముందో చూడ్డానికి గునపం ఒక్క పోటు వెయ్యరు. బోరు ఈశాన్యంలోనే పడుతుంది, బూడిద మాత్రం అష్టదిక్కులా ఉంటుంది.

బొగ్గు బూడిదలో ఆర్సెనిక్, సీసం, క్రోమియం లాంటివి కాస్త కాస్త ఉంటాయి. నీళ్లలో నానితే వాటిలో కొంత ఊటలోకి దిగుతుంది. పైనుంచి వాన నానబెడుతుంది సరే, కింది సంగతేమిటి? డెల్టాలో వానలు వెలిశాక చాలాచోట్ల రెండు మూడు మీటర్లకే నీళ్లు తగులుతాయి. జానెడు గ్రావెల్ పైవాళ్ల కళ్లు కప్పుతుందేమో గానీ, కిందినుంచి వచ్చే నీటిని ఆపలేదు.

సముద్రం పాత్ర ఇక్కడే మొదలవుతుంది. బుడమేరు ఏలూరు కాలువ కిందుగా ఎనికేపాడు దాటి కొల్లేట్లో కలవాలి. ఆ నీరు ఉప్పుటేరు మీదుగా బంగాళాఖాతం చేరాలి. పోటు మీదున్నప్పుడు ఉప్పుటేరు ఇప్పటికే లాగదు. 2006–2018 మధ్య ప్రపంచ సముద్రమట్టం ఏటా సగటున 3.7 మిల్లీమీటర్లు పెరిగింది. మనవైపు నేలను పెంచే ఒండ్రేమో శ్రీశైలం, సాగర్‌లలో ఆగిపోతోంది. అత్యంత ప్రమాదంలో ఉన్న డెల్టాల జాబితాలో 2009 నాటి ఒక అంతర్జాతీయ అధ్యయనం కృష్ణను కూడా చేర్చింది. సముద్రం గుణదల దాకా రానక్కర్లేదు, గుణదల నీళ్లను తన దగ్గరికి రానివ్వకపోతే చాలు. లాగని మురుగు నిలుస్తుంది, నిలిచిన నీరు ఇంకుతుంది, ఊట పైకి లేస్తుంది.

శాన్‌ఫ్రాన్సిస్కోలో ఇదే భయం. హంటర్స్ పాయింట్‌లోని ఒకప్పటి నౌకాదళ షిప్‌యార్డులో అణుధార్మిక కాలుష్యం ఉంది. సముద్రంతో పాటు భూగర్భజలం లేచి, పాతిపెట్టిన దాన్ని కదిలించవచ్చని 2022లో అక్కడి సివిల్ గ్రాండ్ జ్యూరీ హెచ్చరించింది. అది అణు వ్యర్థం, మనది బూడిదే అని నిశ్చింతగా ఉండొచ్చు. లేచే ఊటకు మాత్రం ఆ పట్టింపు లేదు.

2024 సెప్టెంబరులో బుడమేరు సింగ్‌నగర్‌ను, పాయకాపురాన్ని రోజుల తరబడి ముంచింది. మనం నేర్చిన పాఠం? మెరక ఇంకో మూడడుగులు లేపాలని. నీళ్లు పక్కింటికి పోతాయి, పక్కాయన నాలుగడుగులు లేపుతాడు, టిప్పర్ యజమాని ఇద్దరినీ దీవిస్తాడు.

స్థలం కొనేముందు ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) తీస్తాం. తాతల నాటి తాకట్టు కూడా అందులో బయటపడుతుంది. అడుగున తోలిన సరుకు మాత్రం బయటపడదు. మెరక వేసిన ప్రతి స్థలానికీ ఏం తోలారు, ఎన్నడుగులు, ఎవరి అనుమతితో, బోరు నీటి పరీక్షలో ఏం తేలింది అన్నవి రిజిస్ట్రేషన్ కాగితాల్లో రాయించాలి. రాస్తే ధర పడిపోతుందంటారా? పడే ధరే ఆ స్థలం అసలు ధర.