మొండి ఫైలును మాత్రం వదలకండి

డిలీట్ కాని ఫైలుతో యుద్ధానికి దిగేవారు ముందు సరైన ఫైలును ఎంచుకోవాలి. విలువైనది పనికిరాదు, దాన్ని ఎవరూ డిలీట్ చెయ్యబోరు. ఎప్పుడో దించుకుని సగం చూసి వదిలేసిన సీరియల్ భాగమో, ఎవరి శుభలేఖకో మూడోసారి తీసిన ప్రూఫో, పేరు చివర 'కాపీ ఆఫ్ కాపీ' అని ఉన్న బ్యాంకు స్టేట్‌మెంటో అయితే శ్రేష్ఠం. సైజు 40 ఎంబీకి మించకూడదు. టెరాబైటు డిస్కులో 40 ఎంబీ ఖాళీ చేయడానికి ఆదివారం మొత్తం ధారపోస్తేనే ఈ విద్య రుచి తెలుస్తుంది.

డిలీట్ నొక్కండి. నిజంగానే తీసెయ్యాలా అని కంప్యూటర్ అడుగుతుంది. అవునంటే ఆకుపచ్చ గీత కాస్త కదిలి ఆగిపోతుంది. చాలాసేపటికి ఒక పెట్టె పైకి వచ్చి, ఈ ఫైలో ఫోల్డరో పాడైపోయింది, చదవడం కుదరడం లేదు అని చెబుతుంది. కింద 80070570 అని ఒక అంకె కూడా ఉంటుంది. అవేవీ చదవకండి. ఆ పెట్టెలో చూడాల్సింది 'మళ్లీ ప్రయత్నించు' అనే బటన్ ఒక్కటే.

దాన్ని నొక్కుతూనే ఉండండి. మధ్యమధ్య షిఫ్ట్ కూడా కలిపి డిలీట్ కొట్టండి, మన కోపం దానికి తెలియాలి కదా. పాడైన చోటే తగిలితే, నొక్కిన ప్రతిసారీ డిస్కులోని హెడ్ అక్కడికే వెళ్లి తడుముకుంటుంది. సర్వర్ల కోసం తయారయ్యే డిస్కులు ఇలాంటి చోట సుమారు 7 సెకన్లు తంటాలుపడి, నావల్ల కాదని చెప్పేస్తాయి. పక్కన అదే సమాచారం దాచిన మరో డిస్కు ఉంటుందని వాటి ధీమా. ఇంట్లో డిస్కుకు ఆ తోడు లేదు. నిమిషం దాటినా మళ్లీ చదవబోతుంది, మళ్లీ చదవబోతుంది. కంప్యూటర్ బిగుసుకుపోయిందని మనం తిట్టుకునేది సరిగ్గా అప్పుడే.

తర్వాత నేరం ఎవరిమీదైనా మోపాలి. ఫైలు డిలీట్ కాకపోవడానికి అమాయకమైన కారణాలు చాలా ఉన్నాయి. ఇంకో ప్రోగ్రాం దాన్ని తెరిచి పట్టుకుని ఉండవచ్చు. రీస్టార్ట్ చేస్తే వదిలేస్తుంది. ఫోల్డర్లో ఫోల్డర్ పెట్టుకుంటూ పోగా దాని చిరునామా 260 అక్షరాలు దాటి ఉండవచ్చు. పేర్లు కుదిస్తే సరి. కాన్, నల్, ఆక్స్ వంటి పేర్లను డాస్ కాలం నుంచీ పరికరాలకే అట్టేపెట్టారు. ఆ పేరుతో ఫైలు ఎలాగో పుట్టిందంటే మామూలు దెబ్బకు చావదు. ఈ రోగాలన్నిటికీ మందులున్నాయి. మీది ఆ రోగం కాదు. అయినా మందులన్నీ వాడాలి.

ఫైలు సంకెళ్లు విప్పుతామనే ఉచిత సాఫ్ట్‌వేర్లు ఓ మూడు దించుకోండి. ఎక్కడికి? ఆ డిస్కులోకే. వెంట అడగని బ్రౌజర్ ఒకటి కొసరుగా వస్తే కాదనకండి. ఆ పైన యాంటీవైరస్‌తో ఫుల్ స్కాన్ పెట్టండి. చావుబతుకుల్లో ఉన్న డిస్కును మొదట్నుంచి చివరిదాకా పరిగెత్తించడానికి అంతకన్నా మర్యాదైన మార్గం లేదు. దాన్ని పాలిథిన్ కవర్లో చుట్టి డీప్ ఫ్రీజర్‌లో పెట్టమనేవాళ్లు కూడా ఇంకా ఉన్నారు. ఐస్‌క్రీం పక్కన చోటుంటే పెట్టండి. బయటికి తీశాక పట్టే చెమ్మ మిగతా పని చూసుకుంటుంది.

ఇక్కడ కాస్త సిద్ధాంతం చెప్పుకోవాలి, యుద్ధానికి అవసరం లేకపోయినా. డిలీట్ అంటే ఫైలును తుడిచేయడమని మన నమ్మకం. విండోస్ ఏమీ తుడవదు. 1993లో విండోస్ ఎన్‌టీతో వచ్చిన ఎన్‌టీఎఫ్‌ఎస్ పద్ధతిలో మాస్టర్ ఫైల్ టేబుల్ అని ఒక పద్దు ఉంటుంది. ఊరి అడంగల్ లాంటిది, తెలంగాణలో అయితే పహాణీ: ఏ నంబరు ఎవరిది, ఎంత, ఎక్కడ. డిలీట్ చేయడమంటే ఆ పద్దులో పేరు కొట్టేసి, చోటు ఖాళీ అని రాయడమే. పొలంలోకి ఎవరూ దిగరు. కొత్తవాడు వచ్చి దున్నేదాకా పాత పైరు అలాగే ఉంటుంది. (ఎస్‌ఎస్‌డీల సంగతి వేరు, అక్కడ పేరు కొట్టేశాక పొలం చదును చేసే పనీ మొదలవుతుంది.) కాబట్టి ఫైలు లోపలి సరుకు ఉన్న చోట డిస్కు చెడితే, ఆ ఫైలు తెరుచుకోదు, కాపీ కాదు, కానీ సాధారణంగా డిలీట్ అవుతుంది. పాడైపోయిందంటూ డిలీట్‌కే అడ్డం తిరిగిందంటే చెడింది పొలం కాదు, అడంగల్. మీ సీరియల్ పేరున్న పేజీకి చెదలు పట్టింది. పిల్లల ఫోటోల పేజీలూ, ఇంటి దస్తావేజుల స్కాన్ల పేజీలూ ఉన్నది ఆ పుస్తకంలోనే.

ఇది తెలిసినవాడు ఆ క్షణమే ఫైలు సంగతి వదిలేసి, మిగతావన్నీ వేరే డిస్కులోకి కాపీ చేసుకుంటాడు. ఇక యుద్ధం ఎక్కడిది? అందుకే తెలియకపోవడం ముఖ్యం.

పోనీ డిస్కునే అడుగుదామంటే, అది తన ఆరోగ్యం తానే రాసి పెట్టుకుంటుంది. స్మార్ట్ అనే ఆ పట్టికలో 5వ నంబరు దగ్గర, పాడై వేరే చోటికి మార్చిన సెక్టార్ల లెక్క ఉంటుంది. 197 దగ్గర 'పెండింగ్' సెక్టార్ల లెక్క. పెండింగ్ అంటే ఏమిటో ఆఫీసుల చుట్టూ తిరిగినవారికి వేరే చెప్పక్కర్లేదు. రెండూ సున్నా ఉండాలి. చూడకండి. గూగుల్ ఇంజనీర్లు తమ దగ్గరున్న లక్షకు పైగా డిస్కుల చరిత్రను 2007లో ప్రచురించారు. స్కాన్‌లో మొదటి లోపం బయటపడ్డ డిస్కు 60 రోజుల్లోపు పోయే అవకాశం, లోపం లేనిదానికన్నా 39 రెట్లు ఎక్కువని తేల్చారు. అందులోనే ఇంకో సంగతీ ఉంది: పోయిన డిస్కుల్లో సగానికి పైగా, ముఖ్యమైన నాలుగు సూచనల్లో ఏ ఒక్కటీ చూపకుండానే పోయాయి. మీ డిస్కు చెప్పి మరీ పోతోంది. అంత మర్యాద అన్నిటికీ ఉండదు.

ఇన్ని చేశాక చెక్‌డిస్క్ ఒక్కటే మిగులుతుంది. 1981లో ఐబీఎం పీసీతో వచ్చిన మొదటి డాస్‌లోనే ఉన్న ఆయుధమిది. పక్కన స్లాష్ ఎఫ్ అని రాస్తే పద్దు సరిచేస్తుంది. స్లాష్ ఆర్ అని రాస్తే అది కాక, డిస్కు మొత్తం చదివి పాడైన చోట్లు వెతుకుతుంది. మీరు ఆర్ పెట్టండి. గొడ్డలి చేతిలో ఉండగా గోరెందుకు? రాత్రి పడుకోబోయే ముందు మొదలుపెట్టండి, యూపీఎస్ లేకుండా. బయట ఉరుములు వినిపిస్తుంటే మరీ మంచిది. నాలుగో దశలో శాతం అంకె ఒకచోట ఆగిపోయి గంటైనా కదలదు. ఆపితే పద్దు సగం రాతలో ఉండిపోతుందేమోనని భయం, ఉంచితే డిస్కు తెల్లారేదాకా ఉంటుందో ఉండదో. ఇంట్లోవాళ్లను లేపి సలహా అడగవలసిన ఘట్టం ఇదే.

చెక్‌డిస్క్‌ను తప్పు పట్టలేం. దానికి కావలసింది పద్దుల పొంతన, మీ ఫోటోలు కాదు. యజమాని తేలని ముక్కలను ఫౌండ్.000 అనే ఫోల్డర్లో పోసి, ఫైల్0000, ఫైల్0001 అని వరసగా నంబర్లు వేస్తుంది. ఒక ఫైలును వదిలించుకుందామని పడుకున్నవారు వందల అనాథ ఫైళ్ల మధ్య నిద్ర లేస్తారు. ఏది ఎవరి బిడ్డో తేలాలంటే ఒక్కొక్కటీ తెరిచి చూడాలి. ఇక పాడైన చోట్లంటారా, వాటన్నిటినీ బ్యాడ్‌క్లస్ అనే ఒక దాపుడు ఫైలు పేరున రాసేస్తుంది, ఇంకెవరూ అక్కడికి రాకుండా. డిలీట్ కాని ఫైలు పని పట్టడానికి వచ్చిన ప్రోగ్రాం, ఎన్నటికీ డిలీట్ కాకూడని ఫైలును పెంచి పెద్ద చేసి వెళ్తుందన్నమాట.

పెన్‌డ్రైవ్‌ల దారి ఇంకొకటి. లోపలి ఫ్లాష్ చిప్ అరిగిపోయి ఇక రాత తట్టుకోలేదని తేలినప్పుడు, కొన్నిటిలో కంట్రోలర్ రాయడానికి తలుపులు మూసేస్తుంది. చదువుకోవడానికి మాత్రమే ఉంచుతుంది. డిలీట్ నొక్కితే అయినట్టే కనిపిస్తుంది. ఒక్కోసారి ఫార్మాట్ కూడా పూర్తయిందంటుంది. తీసి మళ్లీ గుచ్చితే అన్నీ యథాతథం. దీన్ని పారేయకండి. ఆధార్ కార్డూ, టెన్త్ మార్కుల మెమో జిరాక్స్ షాపులో ప్రింటు తీయించుకోవడానికి ఇంతకన్నా నమ్మకమైన వస్తువు దొరకదు: షాపు కంప్యూటర్లో కాపురమున్న వైరస్సులు కూడా దాని మీద ఒక్క ముక్క రాయలేవు.

చివరికి విసిగి కొత్త డిస్కు కొంటారు, సికింద్రాబాద్ సీటీసీలోనో ఆన్‌లైన్లోనో. పాతదాన్ని ఉన్నదున్నట్టు కొత్తదాంట్లోకి దించడానికి లినక్స్‌లో డీడీరెస్క్యూ అని ఉచిత ప్రోగ్రాం ఉంది. దాని పద్ధతి విచిత్రం. పాడైన చోటు తగలగానే పట్టుదలకు పోకుండా దాటేసి, ముందు బాగున్నదంతా కాపీ చేసుకుంటుంది. మొండి చోట్ల దగ్గరికి ఆఖర్న వస్తుంది. పద్దు కూడా దాని తప్పులతో సహా దిగుతుంది కనుక, మీ ఫైలు కొత్త డిస్కులోకీ అదే పేరుతో, అదే మొండితనంతో వచ్చి కూర్చునే అవకాశం ఉంది. కంగారుపడక్కర్లేదు. అక్కడ డిస్కు గట్టిది. చెక్‌డిస్క్ స్లాష్ ఎఫ్ కొడితే ఎక్కువ సందర్భాల్లో టీ తాగి వచ్చేలోపు పని ముగుస్తుంది. మొదటి రోజే ఈ వరసలో చేయవద్దని మాత్రం మనవి. అంత తేలిగ్గా గెలిస్తే ఇంట్లో ఎవరూ లెక్కచేయరు.

ఇక పాత డిస్కును ఫార్మాట్ కొట్టి అమ్మేయండి. అలా అమ్ముడైన డిస్కులను 158 దాకా కొని తెచ్చి లోపల వెతికారు ఎంఐటీకి చెందిన సిమ్సన్ గార్ఫింకెల్, అభి షెలాట్. 2003లో ఆ వ్యాసం అచ్చయింది. పనిచేసిన 129 డిస్కుల్లో సరిగ్గా తుడిచినవి 12. క్రెడిట్ కార్డు నంబర్లు, వైద్యం కాగితాలు, సొంత ఈమెయిళ్లు ఎన్నో దొరికాయి. యజమానుల్లో చాలామంది అవన్నీ డిలీట్ చేశామనే అనుకుని ఉంటారు.

కొనేవాడికి అంత కానుక వద్దనుకుంటే పెరట్లోకి వెళ్లి డిస్కును బండమీద పెట్టి, నాలుగంగుళాల మేకు, సుత్తి పట్టుకోండి. మేకు అంచున కాదు, లోపల తిరిగే పళ్లెం గుండా దిగాలి. కళ్లజోడు తప్పనిసరి: ల్యాప్‌టాప్ డిస్కుల్లో చాలావాటికి ఆ పళ్లేలు గాజువి, పెంకులు చిమ్ముతాయి.